ఐదేళ్లు నిండుతున్నాయి, ఇంకో ఐదేళ్లంటున్నారు: విజయవాడ, గుంటూరు క్యాన్సర్ డాక్టర్లకు ఒక బహిరంగ లేఖ

డాక్టరు గార్లందరికీ నమస్కారం.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. ఎడమ రొమ్ములో గడ్డ రెండు సెంటీమీటర్లు దాటింది. చంకలో రెండు గ్రంథులకు పాకింది. హార్మోన్ పాజిటివ్ అన్నారు, అంటే ఒంట్లోని ఆడ హార్మోన్‌తో పెరిగే రకం. ఆపరేషను, కీమో, కరెంటు (రేడియేషన్) అన్నీ అయ్యాక ఆ హార్మోన్‌ను తగ్గించే లెట్రోజోల్ రాశారు. రెండున్నర మిల్లీగ్రాముల మాత్ర, రోజుకొకటి, ఐదేళ్లు. ఆ ఐదేళ్లు వచ్చే సంక్రాంతికి నిండుతాయి. పోయిన రివ్యూలో డాక్టరు గారు ఫైలు తిరగేసి, "అంతా బాగుంది, ఇంకో ఐదేళ్లు కంటిన్యూ చేయించండి" అన్నారు. ఆ మాటైనా నాతో కాదు, నా వెనక నిలబడ్డ మా అబ్బాయితో. ఎందుకు వాడాలి, వాడితే నాకు ఒరిగేదెంత, మానితే ముప్పెంత అన్న ముచ్చటే రాలేదు. ఆయన మంచివారే. బయట బెంచీలు చాలక జనం మెట్ల మీద కూర్చున్నారు, నాకూ తెలుసు. ఆయన మీద ఫిర్యాదుగా ఇది రాయడం లేదు. గుంటూరు కొత్తపేటలోనైనా, విజయవాడ సూర్యారావుపేటలోనైనా ఓపీ బెంచీల మీద పక్కన కూర్చున్న ఆడవాళ్లను కదిపితే అందరిదీ ఇదే అనుభవం. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ఈ మాత్రకు నేను శత్రువును కాను. మానేయమని ఎవరికీ చెప్పను. ఆ పని చేసేవాళ్లు వాట్సాప్‌లో కావలసినంతమంది ఉన్నారు. ఇంత చవగ్గా దొరికి ఇంతమందిని బతికించిన మందులు ఈ జబ్బులో ఎన్నో లేవు. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ప్రపంచంలో జరిగిన పరీక్షలను ఒకచోట పోగేసి 2011లో కట్టిన లెక్క మీకు కంఠతా ఉంటుంది. నాలాంటి హార్మోన్ పాజిటివ్ వాళ్లు వందమంది హార్మోన్ మాత్ర వాడకపోతే పదిహేనేళ్లలో 46 మందికి జబ్బు తిరగబెట్టింది. ఇదే పనికి వాడే పాత మాత్ర టామోక్సిఫెన్‌ను ఐదేళ్లు వాడినవాళ్లలో 33 మందికే తిరగబెట్టింది. ఈ జబ్బుతో చనిపోయినవాళ్లు 33 మంది నుంచి 24కు తగ్గారు. వందకు తొమ్మిది ప్రాణాలంటే మాటలా? నెలసరి ఆగిపోయినవాళ్లకు లెట్రోజోల్, అనస్ట్రోజోల్ లాంటివి ఇంకాస్త మెరుగని 2015లో అదే బృందం తేల్చింది.

లెక్కలు రాసేదాన్ని కాబట్టి అదే పద్దును అటువైపు నుంచి కూడా చదివాను. ఆ వందలో 54 మందికి మాత్ర లేకపోయినా జబ్బు తిరిగి రాలేదు. 33 మందికి మింగినా వచ్చింది. మధ్యలో మిగిలిన 13 మందికే ఈ మాత్ర పని చేసింది. ఆ పదమూడుగురు ఎవరో ముందే చెప్పడం ఎవరి తరమూ కాదు గనక వందమందీ మింగాలి. సరే, మింగుతాం. నేను ఆ వందలో ఏ కొసన ఉన్నానో, నేను మోసే బరువుకు ఎదురుగా ఏముందో మాత్రం ఎవరైనా చెప్పాలి కదా. చిన్న గడ్డ ఉండి చంకలో ఏమీ లేని మనిషికీ, ఆరు గ్రంథులకు పాకిన మనిషికీ "తప్పకుండా వాడాలమ్మా" అని ఒకటే వాక్యం చెబుతున్నారు.

మా యార్డులో రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) దించి సరుకు అమ్మాక చేతికి తక్‌పట్టీ వస్తుంది. కాటా ఎంత తూగింది, రేటెంత పలికింది, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, ఇవన్నీ పోను చేతికొచ్చేదెంత, అన్నీ అందులో ఉంటాయి. కోత ఎక్కువనిపిస్తే రైతు అక్కడే నిలబడి నిలదీస్తాడు. ఐదేళ్లు మింగిన మందుకు, ఇంకో ఐదేళ్లు మింగమంటున్న మందుకు నాకు అలాంటి కాగితం ముక్క ఒక్కటి కూడా లేదు.

ముందు కోతల సంగతే, అంటే ఈ మాత్రతో పడే ఇబ్బందులే చెబుతాను, మీ గదిలో చెప్పే వీలు లేదు గనక.

ఏప్రిల్‌లో మా ఊరి ఎండ మీకు తెలియంది కాదు. ఆ ఎండలో, కొట్టంతా మిర్చి ఘాటు కమ్ముకుని ఉండగా, లోపలి నుంచి ఇంకో మంట లేస్తుంది. గుండెల దగ్గర మొదలై మెడ మీదుగా మొహానికి ఎక్కుతుంది. జాకెట్టు తడిసి ముద్దవుతుంది. ఆ వెంటనే ఒళ్లు చల్లబడి వణుకు. రాత్రి నిద్రలో కూడా ఇదే, లేచి చీర మార్చుకుని మళ్లీ పడుకోవాలి. మీ ఫైల్లో దీన్ని "వేడి ఆవిర్లు" అని రెండు మాటల్లో రాస్తారు. నిద్ర లేని మనిషి మర్నాడు లక్షల రూపాయల పద్దులు ఎలా రాస్తుందో ఆ రెండు మాటల్లో ఉండదు.

కీళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. పొద్దున లేచేసరికి వేళ్లు కర్రల్లా బిగుసుకుని ఉంటాయి, అరగంట వేడినీళ్లలో పెడితే గానీ పిడికిలి పడదు. లెట్రోజోల్ తరహా మందులు వాడేవాళ్లలో ఇంచుమించు సగం మందికి కీళ్ల నొప్పులు ఉంటాయట. ఈ ముక్క మొదటి రోజే చెబితే సగం బాధ అక్కడే తగ్గును. చెప్పకపోవడంతో ఏమవుతోందో వినండి. ఒకరు వయసంటారు, ఒకరు చికెన్‌గున్యా తాలూకు అంటారు. వీధి చివరి ఆర్ఎంపీ నొప్పుల సూది వేస్తాడు. కొందరైతే జబ్బు ఎముకలకు పాకిందేమోనని నెలల తరబడి లోలోపల కుమిలిపోతారు, స్కానింగ్ చేయించమని అడగడానికీ భయమే. ఇంతా చేస్తే దీనికి దారులున్నాయి. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడక, రెండు రోజులు బరువులతో వ్యాయామం చేసినవాళ్లకు ఏడాదిలో నొప్పి 29 శాతం తగ్గిందని అమెరికాలో ఈ మందులు వాడేవాళ్ల మీదే జరిగిన పరీక్షలో తేలింది. డ్యులోక్సెటిన్ అనే మాత్ర ఈ నొప్పులకు కొందరికి పనిచేస్తుంది. లెట్రోజోల్ పడనివాళ్లలో కొందరికి ఎక్సెమెస్టేన్ పడుతుంది, కొందరిని టామోక్సిఫెన్‌కు మార్చవచ్చు. మందు మార్చవచ్చన్న సంగతే మాలో చాలామందికి తెలియదు. వాడటం, మానటం, ఈ రెండే దారులనుకుంటారు.

ఇక ఎవరూ అడగనిది. మాత్ర మొదలైన కొన్నాళ్లకు కింద పొడిబారుతుంది. మంట, దురద, మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్. భర్త దగ్గరికి రావాలంటే వణుకు. నలభై ఐదేళ్ల మనిషి ఈ మాట మగ డాక్టరు ముందు, పక్కన కొడుకో మరిదో నిలబడి ఉండగా ఎలా చెబుతుంది? చెప్పదు. ఇంటికి పోయి మొగుడితో గొడవ పడుతుంది, లేకపోతే మాత్ర మానేస్తుంది. హార్మోన్ లేని జెల్లులు, తడినిచ్చే క్రీములు మందుల షాపుల్లో దొరుకుతాయి. గదిలోంచి మగవాళ్లను బయటికి పంపి ఒక సిస్టరు రెండు నిమిషాలు అడిగితే చాలు. ఇంత తేలికైన పని ఇన్నేళ్లుగా ఎందుకు జరగడం లేదో నాకు అంతుపట్టదు. (కీమోలో జుట్టు ఊడుతుందని ప్రతి ఒక్కరూ హెచ్చరించారు. అది తిరిగి మొలిచింది కూడా.)

ఈ కోతలన్నీ ఆడవాళ్లు మనసులో తూచుకుంటూనే ఉంటారు. ఆ తూకం మీ కళ్లకు కనిపించని చోట, అంకెలు తెలియకుండా జరుగుతోంది. 2010లో అచ్చైన కాలిఫోర్నియా అధ్యయనంలో 8,769 మందికి మందుల షాపు ఇచ్చిన మాత్రల లెక్క తీస్తే, పూర్తికాలం సరిగ్గా వాడింది 49 శాతమే. ప్రతి మాత్ర లెక్కా కంప్యూటర్లో ఉన్న చోటే అలా ఉంటే, మన దగ్గర లెక్క తీసేదెవరు? తెనాలి నుంచి వచ్చే ఒకావిడ బెంచీ మీద నాతో చెప్పింది, రెండు రోజులకోసారి మింగుతోందట. "ఒంటికి కాస్త తేలిగ్గా ఉందక్కా" అంది. లోపలికి వెళ్లాక "వాడుతున్నారా?" అని అడిగారు, "ఆ, వాడుతున్నానండి" అని చెప్పి వచ్చింది. ఆమెది అబద్ధం అనడానికి నాకు నోరు రాదు. వాడుతున్నారా అని అడిగితే ఆ జవాబే వస్తుంది. ఎలా ఉంటోంది, ఎన్ని మర్చిపోతున్నారు, ఏది భరించలేకపోతున్నారు అని అడిగితే వేరే జవాబు వస్తుంది.

మన జిల్లాల్లో ఇంకో విషయం ఉంది, దీని గురించి నేను గట్టిగానే చెప్పాలి. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందు వరుసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. పల్నాడులోనైనా, కృష్ణా జిల్లాలోనైనా ఏ ఊళ్లో అడిగినా ముప్ఫై, ముప్ఫై ఐదేళ్లకే ఆ ఆపరేషన్ అయినవాళ్లు కనిపిస్తారు. అది ఎందుకు జరిగిందన్నది వేరే కథ, ఇక్కడ వద్దు. మాత్ర లెక్కకు వస్తే, ఆ ఆపరేషన్ మొత్తం పట్టీని మార్చేస్తుంది. టామోక్సిఫెన్ మీద ఉన్న పెద్ద భయం గర్భసంచి క్యాన్సర్. పదేళ్లు వాడినవాళ్లను ఐదేళ్లకే ఆపినవాళ్లతో పోల్చిన అట్లాస్ అనే పరీక్షలో, ఐదో ఏడు నుంచి పద్నాలుగో ఏడు లోపు ఆ ముప్పు నూటికి 1.6 నుంచి 3.1కి పెరిగింది. గర్భసంచే లేని మనిషికి ఆ కోత సున్నా. రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది, అది వేరు. అదే మనిషికి అండాశయాలు కూడా తీసేసి ఉంటే, ఎముకలు ముప్ఫైల నుంచే పలచబడుతూ ఉంటాయి. ఆమెకు ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ చేయకుండా లెట్రోజోల్ మొదలుపెట్టడం ఎంతవరకు సబబు? ఇంకొకరికి గర్భసంచి తీసి అండాశయాలు ఉంచుతారు. నెలసరి రావడం లేదు గనక ముట్లుడిగాయని అందరూ అనుకుంటారు. లోపల అండాశయాలు పని చేస్తూనే ఉంటే లెట్రోజోల్ ఒక్కదానితో ఫలితం ఉండదు. రక్తపరీక్షలో హార్మోన్లు చూస్తే గానీ తెలియదు. ఈ సంగతులు మీకు నేను నేర్పేవి కావు. కానీ "గర్భసంచి ఉందా, తీశారా, ఎప్పుడు తీశారు, అండాశయాలు ఉంచారా" అన్న ప్రశ్న నన్ను అడిగినవాళ్లు లేరు. నాది తీయలేదు, కాబట్టి నాకు నష్టం లేదు. నా పక్కన కూర్చున్నవాళ్ల సంగతేమిటి?

టామోక్సిఫెన్ వాడేవాళ్లది ఇంకో చిక్కు. ఆవిర్లకో, నిద్రకో, దిగులుకో వేరే డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఆయన ఫ్లుఒక్సెటిన్‌నో పారోక్సెటిన్‌నో రాస్తే, ఒంట్లో టామోక్సిఫెన్ పనిచేసే రూపంలోకి మారడమే తగ్గిపోతుంది. వెన్లాఫాక్సిన్ అయితే ఆ ఇబ్బంది పెద్దగా లేదు. ఫైలు మీద పెద్దక్షరాలతో ఒక్క లైను రాసి ఉంచితే చాలు.

ఇప్పుడు నా ప్రశ్న దగ్గరికి వస్తాను. ఐదేళ్ల తర్వాత ఏమిటి?

ఐదేళ్లు వాడి ఆపినవాళ్లను ఇరవయ్యో ఏడు దాకా చూసిన పెద్ద లెక్క 2017లో వచ్చింది, 62,923 మందిది. చిన్న గడ్డ, చంకలో ఏమీ లేనివాళ్లలో ఆ పదిహేనేళ్లలో జబ్బు దూరంగా వేరే అవయవాలకు పాకింది నూటికి 13 మందికి. గడ్డ రెండు సెంటీమీటర్లు దాటి, నాలుగు నుంచి తొమ్మిది గ్రంథులు ఉన్నవాళ్లలో 41 మందికి. నాలాంటివాళ్లలో, గడ్డ పెద్దదై ఒకటి నుంచి మూడు గ్రంథులున్నవాళ్లలో, 26 మందికి. అవి పాత రోజుల వైద్యం తీసుకున్నవాళ్ల అంకెలు, ఇప్పుడు కాస్త తక్కువే ఉంటాయి. అయినా ఆ 26 చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఈసారి ఆవిర్ల వల్ల కాదు. కానీ చూసినందుకు బాధ లేదు. ఐదేళ్లు నిండగానే జబ్బు తీరిపోయిందని సత్యనారాయణ వ్రతం చేసుకునేవాళ్లకు ఈ అంకె తెలియాలి. ఆవిర్లు భరించి పదేళ్లు వాడటానికి ఇది బలమైన కారణం.

ఆ వెంటనే ఇంకో రెండు అంకెలు కూడా తెలియాలి. 2016లో వచ్చిన కెనడా పరీక్షలో లెట్రోజోల్‌ను ఇంకో ఐదేళ్లు పొడిగిస్తే, ఆ ఐదేళ్లలో జబ్బు లేకుండా ఉన్నవాళ్లు నూటికి 91 నుంచి 95కు పెరిగారు. అందులో చాలా భాగం రెండో రొమ్ములో కొత్త జబ్బు రాకుండా ఆగడమే. బతికి ఉన్నవాళ్ల సంఖ్యలో తేడా లేదు. ఎముకలు విరిగినవాళ్లు 9 నుంచి 14కు పెరిగారు. 2021లో ఆస్ట్రియా వాళ్లు, ఐదేళ్లు అయ్యాక ఇంకో రెండేళ్లు చాలా, ఐదేళ్లు కావాలా అని చూశారు. జబ్బు విషయంలో తేడా లేదు, ఎముకలు విరగడం మాత్రం ఐదేళ్ల వాళ్లలో ఎక్కువ. గ్రంథులకు పాకినవాళ్ల మీదే జరిగిన మరో పరీక్షలో, ఈ పొడిగింపు ఏళ్లలో ఏటా మూడు నెలలు ఆపి వాడినవాళ్లూ, ఆపకుండా వాడినవాళ్లూ జబ్బు విషయంలో దాదాపు ఒకేలా ఉన్నారు.

అంటే నా ముందు ఒక్క దారి లేదు. ఏడేళ్లకు ఆపడం ఉంది. పదేళ్లు ఉంది. ఏటా ఎండాకాలం మూడు నెలలు విరామం ఇచ్చి వాడటం ఉంది, గుంటూరులో బతికేవాళ్లకు అది వరమే. ఎముకలు కాపాడటానికి ఆరు నెలలకోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆసిడ్ ఉంది, దానికి ముందు పళ్లు చూపించుకోవాలి. నా డెక్సా బాగుండి ఉంటే నేను పదేళ్లకు మొగ్గుతాను. ఎముకలు పలచబడి ఉంటే ఏడేళ్లు చాలంటాను. ఇది నా మొగ్గు. నాలాగే రెండు గ్రంథులున్న ఇంకొకావిడ, కొడుకు పెళ్లి దాకా ఏ రిస్కూ వద్దనుకునే మనిషి, వేరేలా మొగ్గవచ్చు. తప్పేముంది? పిల్లలు కావాలనుకునే చిన్నవయసు వాళ్ల కోసమైతే కొంతకాలం వాడాక రెండేళ్ల దాకా మాత్ర ఆపి గర్భం దాల్చవచ్చా అన్నదీ పరీక్షించి చూశారు. 2023లో వచ్చిన ఆ ఫలితాల్లో మూడేళ్లపాటు చూసినంతలో ముప్పు పెరగలేదు. బిడ్డ కోసం మాత్రను తూచడం అంత పెద్ద వైద్యులకే తప్పనిపించనప్పుడు, మా కీళ్లనూ ఎముకలనూ తూచడం తప్పెలా అవుతుంది?

మీరు అనబోయేవి నాకు తెలుసు. చదువురానివాళ్లకు ఈ శాతాలు అర్థం కావంటారు. మా యార్డుకు వచ్చి చూడండి. మిర్చికి తొడిమలు తీసే ఆడవాళ్లు కిలోకింత అన్న కూలి లెక్కను నోటితోనే కట్టేస్తారు, గుమస్తా పది రూపాయలు తక్కువ రాస్తే పట్టుకుంటారు. "నీలాంటి వందమందిలో" అని మొదలుపెడితే అర్థం కానివాళ్లు లేరు. సగం ముప్పు తగ్గుతుందని చెబితే మాత్రం ఎవరికీ అర్థం కాదు, నాక్కూడా. దేనిలో సగం?

నష్టాలు చెబితే భయపడి మానేస్తారంటారు. చెప్పకపోయినా మానేస్తున్నారు కదండీ. తెనాలి ఆవిడకు ఎవరేం చెప్పారు?

టైము లేదంటారు. దీనికి నా దగ్గర జవాబు లేదు, జనం నిజంగానే ఎక్కువ. ప్రతి రివ్యూలో అక్కర్లేదు. మాత్ర మొదలుపెట్టే రోజున ఒకసారి, ఐదేళ్లు నిండే ముందు ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడితే చాలు. మిగతా రోజుల్లో మీరు కాకపోయినా, ఒక సిస్టరో కౌన్సిలరో ఫోనులోనైనా అడగవచ్చు. మీరు చేయాల్సింది ఒక అరఠావు కాగితం: గడ్డ సైజు, గ్రంథులు, గ్రేడు, గర్భసంచి, అండాశయాలు, డెక్సా, మాత్ర పేరు, ఎప్పటిదాకా, మాత్రతో నూటికెంత, లేకుండా నూటికెంత, ఏ ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి. అదీ తెలుగులో. ఫైలు మొదటి పేజీలో ఉంటే తర్వాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా పనికొస్తుంది. ప్రభుత్వాసుపత్రుల్లో, మంగళగిరి ఎయిమ్స్‌లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో తలో రకంగా కాకుండా అందరూ కూర్చుని ఒక నమూనా ఒప్పుకుంటే మరీ మంచిది. రెండు ఊళ్ల మధ్య దూరం గంట ప్రయాణం, మీ సంఘాల మీటింగులు ఎలాగూ జరుగుతుంటాయి.

తెలుగులో రాయడానికి మనిషి లేరంటే నేనున్నాను. అంకెలు మీరు సరిచూడండి, మాటలు నేను కూర్చుతాను, అర్థమయ్యాయో లేదో బెంచీల మీద కూర్చున్నవాళ్లకు చదివి వినిపించి మారుస్తాను. డబ్బులు వద్దు. ఎండాకాలం సెలవులకు యార్డు మూసేస్తారు, ఆ రోజుల్లో పొద్దంతా ఖాళీయే. సీజన్లో అయితే కాటాలు అయిపోయాక, సాయంత్రం పూట.

ఇట్లు,
గుంటూరు నుంచి, లెట్రోజోల్ వాడుతున్న ఒక గుమస్తా